పండుగలో పరాయివాడు

గ్రీసు దేశపు ఆగ్నేయ మూలన, క్రీటుకూ రోడ్స్‌కూ నడుమ సముద్రంలో కార్పతోస్ అనే దీవి ఉంది. డోడెకనీస్ దీవుల్లో రోడ్స్ తర్వాత పెద్దది ఇదే. ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగిన ఈ దీవికి ఉత్తరపు కొసన, ప్రొఫిటిస్ ఇలియాస్ కొండ వాలులో ఒలింపోస్ అనే ఊరు. పూర్వం వీళ్ళ పెద్దలు కింద ఒడ్డున వ్రికూంద అనే పట్నంలో ఉండేవారు. మధ్యయుగాల తొలినాళ్ళలో సముద్రపు దొంగల దాడులకు తాళలేక ఈ గట్టు మీదికి ఎక్కి ఇళ్ళు కట్టుకున్నారు. దాక్కోవడానికి పుట్టిన ఊరు చాలా శతాబ్దాలు దాగే ఉంది. దీవి 1912లో తురుష్కుల చేతి నుంచి ఇటలీ చేతికి, 1948లో గ్రీసు చేతికి మారింది. ఏలేవాళ్ళు మారినా కొండ మీది బతుకు పెద్దగా మారలేదు. కరెంటు 1980 ప్రాంతంలో వచ్చింది, దక్షిణాన ఉన్న పిగాదియా పట్నం నుంచి సరైన తారు రోడ్డు ఇంకా చాలా ఆలస్యంగా పడింది. ఇప్పుడు వేసవిలో పొద్దున్నే పడవల మీద దియాఫాని రేవులో దిగిన జనం బస్సుల్లో కొండెక్కి, గాలిమరల దగ్గరా సందుల్లోనూ తిరిగి, మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రానికి దిగిపోతారు.

ఈ రాకపోకల్లో ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఇళ్ళను చూస్తే, గాలిమరలను చూస్తే ఎవరికీ పోయేదేమీ లేదు. కానీ ఒలింపోస్ పేరు దూరదేశాలకు పాకింది కట్టడాల వల్ల కంటే పండుగల వల్లనే. ఆగస్టు 15న మేరీమాత కన్నుమూసిన రోజు, ఈస్టర్‌కు ముందు గుడ్ ఫ్రైడే, ఈస్టర్ దాటిన మంగళవారం: ఈ రోజుల్లో అక్కడ జరిగేది చూడాలని ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. కొడుకు పోయిన తల్లి శోకాలు పెడుతుంటే, దేవుడి పటాలు మోసుకుంటూ ఊరంతా కదిలి వెళ్తుంటే, పక్కనే ఆ దేవుణ్ణి నమ్మని, ఆ కొడుకును ఎరగని మనిషి నిలబడి చూస్తుంటాడు. పరాయి కళ్ళ ముందు చేసిన పూజ ఇంకా పూజేనా? చూసేవాడు ఒకడు ఉన్నాడన్న కారణానికే అది ప్రదర్శన అయిపోతుందా? భక్తి అనేది తలుపు వేసుకుని చేసుకోవాల్సిన పని అయితే, పండుగ నాడు ఆ ఊరు చూడ్డానికి వెళ్ళడమే ఒక అపచారం. నా వాదన వేరు. పరాయి చూపు పూజను చెడగొట్టదు. ఆ చూపు కోసమని పూజ తన వేళను మార్చుకున్నప్పుడు, తన వరసను మార్చుకున్నప్పుడు, ఎవరిని ఉద్దేశించి జరుగుతోందో వాళ్ళను పక్కకు నెట్టినప్పుడు చెడుతుంది. ఒలింపోస్ పండుగల్లో పరాయివాడికి ముందునుంచే ఒక చోటు ఉంది. ఆ చోటు చాలా చిన్నది, బరువైనది. సమస్య అంతా అతను ఆ చోట్లో నిలబడకపోవడంతోనే మొదలవుతుంది.

ఎదుటి పక్షాన్ని తేలిగ్గా తీసేయలేం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డీన్ మెకానెల్ 1973లో ఒక వ్యాసం రాశాడు. యాత్రికుడు అసలైన బతుకును చూడాలని ఆశపడి వస్తాడు, స్థానికులు అతని కోసం పెరడులా కనిపించే ముంగిలి ఒకటి అమర్చి పెడతారు, అతను దాన్నే పెరడనుకుని తృప్తిగా తిరిగి వెళ్తాడు అన్నది అందులో సారాంశం. దీనికంటే పదునైనది డేవిడ్ గ్రీన్‌వుడ్ అనే మానవ శాస్త్రవేత్త చెప్పిన సంగతి. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో ఫ్వెంతెర్రాబియా అనే పట్నం ఉంది. 1638లో ఫ్రెంచి సైన్యం ముట్టడిని తట్టుకుని గెలిచినందుకు అక్కడ ఏటా అలార్దే అనే ఉత్సవం జరుపుతారు, ఊరి పేటలన్నీ దళాలుగా నడుస్తాయి. వచ్చిన జనం అందరికీ చూసే వీలు కలగాలని 1969లో పురపాలక సంఘం దాన్ని ఒకే రోజు రెండుసార్లు జరపాలని నిర్ణయించింది. రెండేళ్ళు తిరక్కుండానే పాల్గొనడానికి మనుషులు ముందుకు రావడం కష్టమైపోయిందనీ, డబ్బిచ్చి నడిపించాలన్న మాట కూడా వచ్చిందనీ గ్రీన్‌వుడ్ రాశాడు. ఊరు తన కోసం చేసుకునే పనిని అమ్మకపు సరుకు చేస్తే దాని అర్థం చచ్చిపోతుందని ఆయన తీర్పు. ఒలింపోస్‌కూ ఇదే గతి పడుతుందని, కొంతమంది దృష్టిలో పట్టేసిందని, ఈ వాదనను నమ్మేవాళ్ళు అంటారు.

ఫ్వెంతెర్రాబియాలో చెడింది ఏమిటో నిదానంగా చూడాలి. జనం చూడ్డం 1969లో మొదలు కాలేదు. వీధుల్లో నడిచే ఉత్సవానికి చూసేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. ఆ ఏడు కొత్తగా జరిగింది ఒక్కటే: అదే పని రెండోసారి చేయమన్నారు. గెలిచిన రోజును తలుచుకోవడానికి ఒక్కసారి నడిస్తే చాలు, ఆ ఒక్కసారితో రుణం తీరిపోతుంది. రెండో నడక పోయినవాళ్ళకు చెందదు, ఊరికి చెందదు, చూడలేకపోయిన వాడికి మాత్రమే చెందుతుంది. నడిచేవాళ్ళ కాళ్ళకు అది తెలిసిపోయింది, అందుకే మానేశారు. ఆ తర్వాత గ్రీన్‌వుడ్ కూడా తన తీర్పును కొంత సడలించుకున్నాడు. అలార్దే చచ్చిపోలేదనీ, బాస్క్ ప్రజల ఆత్మగౌరవానికి గుర్తుగా కొత్త ప్రాణం పోసుకుందనీ 1989లో వచ్చిన మలి ముద్రణలో ఒప్పుకున్నాడు. ఒక పండితుడు తన మాటను అలా బహిరంగంగా దిద్దుకోవడం చాలా విలువైన విషయం. పూజను చంపేది చూపు కాదు, ఎవరి కోసం అన్న ప్రశ్నకు జవాబు మారిపోవడమే అని ఆయన సేకరించిన సాక్ష్యమే చెబుతోంది.

ఈ గీటురాయితో ఒలింపోస్‌ను పరీక్షించవచ్చు. గ్రీకు ఆర్థడాక్స్ చర్చిల్లో గుడ్ ఫ్రైడే నాడు ఎపిటాఫియోస్ అనే పూలమండపం కడతారు. అది క్రీస్తు పాడె. మధ్యలో క్రీస్తు పార్థివ దేహాన్ని కుట్టుపనితోనో రంగులతోనో చిత్రించిన వస్త్రం ఉంటుంది. దేశమంతటా ఊళ్ళలో ఆడవాళ్ళు రాత్రంతా కూర్చుని దానికి పూలు కడతారు. ఒలింపోస్‌లో పూలతో ఆగరు. తమ ఇళ్ళలో పోయినవాళ్ళ ఫోటోలు తెచ్చి ఆ పాడెకు గుచ్చుతారు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించిన ముఖాలు, పరదేశంలో చనిపోయిన కుర్రవాడి నవ్వు. ఆ తర్వాత పాడె చుట్టూ చేరి శోకాలు పెడతారు. ఆ శోకం క్రీస్తుకూ చెందుతుంది, ఫోటోలో ఉన్న ప్రతి మనిషికీ పేరుపేరునా చెందుతుంది. దేవుడి చావూ ఇంటి మనిషి చావూ ఒకే గుడ్డ మీద పక్కపక్కన ఉంటాయి. దీన్ని ఏ దర్శకుడూ రూపొందించలేడు. గుడి గోడకు ఆనుకుని నిలబడ్డ యాత్రికుడికి ఆ ఫోటోల్లో ఒక్క ముఖమూ తెలియదు. అతనికి అర్థం కావాలని ఎవరూ ఒక్క మాట మార్చరు, శోకం కురచ చేయరు, పొడిగించరు. ఆ పూట అక్కడున్న వాళ్ళలో లెక్కలోకి రానివాడు ఎవడైనా ఉంటే అతనే.

ఆగస్టు 15 సంగతీ ఇంతే. మేరీమాత నిద్రించిన పండుగకు ఆ తేదీని ఆరో శతాబ్దం చివర మౌరికియోస్ చక్రవర్తి స్థిరపరిచాడని చెబుతారు. బీచ్‌లకు జనం పోటెత్తే నెలలో పండుగ రావడం ఊరివాళ్ళు కుదుర్చుకున్నది కాదు. నెల మొదటి నుంచీ పద్నాలుగు రోజులు ఉపవాసం, సాయంత్రాలు మేరీమాతకు మొరపెట్టుకునే ప్రార్థనలు. పండుగ నాడు ఆరాధన, పోయినవాళ్ళ కోసం ప్రార్థన, ఊరంతటికీ కలిపి వండిన భోజనం, ఆ పైన పాట, ఆట. కమానుతో వాయించే మూడు తీగల లీరా, పొడుగు మెడ లాఊతో, మేకతోలు తిత్తితో ఊదే త్సంబూనా. వీటి చుట్టూ కూర్చున్న మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మంతినాదలు అందుకుంటారు. పదిహేను అక్షరాల పాదాలు రెండు, ప్రాసతో, అప్పటికప్పుడు ఆశువుగా కట్టాలి. ఆ ఏడాది పోయిన పెద్దాయన గురించి, బాల్టిమోర్ వెళ్ళి రాని తమ్ముడి గురించి, ఎదురుగా కూర్చున్న వాడి దుఃఖం గురించి కడతారు. పాడేవాడి గొంతు పూడుకుపోతుంది, వినేవాళ్ళు కన్నీళ్ళు తుడుచుకుంటారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని వింటారు, తర్వాత వలయంలో చేరతారు. నెమ్మదిగా కదిలే ఆ ఆట తెల్లవారేదాకా నడుస్తుంది. మేళం ఉల్లాసంగా ఉంటుందని వచ్చిన యాత్రికుడు గంటసేపు చూసి విసుగెత్తి లేచిపోతాడు. ఎవరూ అతన్ని ఆపరు, అతని కోసం వేగం పెంచరు. ఈ కళను దగ్గరుండి పరిశోధించిన పావ్లోస్ కవూరాస్ తన సిద్ధాంత గ్రంథంలో దీన్ని ప్రవాస దుఃఖంతో కలిపి చూశాడు. ఆ చూపు సరైనదే. ఊరు సగం ఖాళీ అయి ఏథెన్స్ రేవుపట్నం పిరేయస్‌లోనూ అమెరికాలోనూ స్థిరపడ్డ తర్వాత ఈ పండుగ, లేనివాళ్ళను ఉన్నవాళ్ళతో కలిపే పని చేస్తోంది.

అసలు వినేవాడు లేకుండా శోకమే లేదు. పెలొపొనీస్‌లోని మాని ప్రాంతపు శోకగీతాల మీద నాదియా సెరెమెటాకిస్ అనే పరిశోధకురాలు 1991లో ఒక పుస్తకం ప్రచురించింది. ఏడ్చేవాళ్ళూ సాక్షులూ లేకుండా పోవడం అక్కడివాళ్ళ దృష్టిలో దిక్కులేని చావు. ఒక గొంతు ఎత్తుకుంటే మరో గొంతు అందుకోవాలి, చుట్టూ ఉన్నవాళ్ళు విన్నామని తెలపాలి. అప్పుడే బాధ నిజమని ఊరు ఒప్పుకున్నట్టు. అంటే చూడ్డం, వినడం బయటి నుంచి వచ్చి పడ్డ రోగాలు కావు, కర్మలో అంగాలు. విన్నవాడు పోయినవాణ్ణి ఎరిగి ఉండాలి కదా అని అడగవచ్చు. అవును, నిజమైన సాక్షి వాడే. పరాయివాడు ఆ స్థానానికి తగడు, తగినట్టు నటించకూడదు. అతనికి ఉన్నది వేరే స్థానం.

ఆ స్థానం ఏమిటో ఈస్టర్ తర్వాతి మంగళవారం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రోజు ఒలింపోస్ చర్చిలోని పటాలను బయటికి తీసి ఊరేగింపుగా శ్మశానానికి తీసుకెళ్తారు. మతగురువు సమాధి సమాధి దగ్గరా ఆగి ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థన చదువుతాడు. తర్వాత పటాలు పొలాల వెంట, చిన్నచిన్న గుళ్ళ మీదుగా తిరిగి ఊరు చేరతాయి. తిరిగి లోపలికి ఏ పటాన్ని ఎవరు మోయాలన్నది వేలంపాటలో తేలుతుంది. ఇంతలో శ్మశానంలో ఆడవాళ్ళు సమాధుల మీద పళ్ళేలు పరిచి ఉంచుతారు. మిఠాయిలు, పానీయాలు, కొలీవా. కొలీవా అంటే ఉడకబెట్టిన గోధుమలు, చక్కెర, ఎండుద్రాక్ష, బాదం, దానిమ్మ గింజలు కలిపినది. మట్టిలో పడ్డ గింజ మొలకెత్తుతుంది కాబట్టి పోయినవాళ్ళ పేరిట గోధుమలు పంచడం ఆర్థడాక్స్ క్రైస్తవుల ఆచారం. దాన్ని అక్కడికి వచ్చినవాళ్ళకు పెడతారు. తీసుకున్నవాడు పోయినవాణ్ణి దేవుడు క్షమించాలని ఒక్క మాట అనాలి. ఆ మాట కోసమే ఆ పెట్టుడు. పెట్టే చేతికి తినేవాడు ఎవరన్నది ముఖ్యం కాదు, ఎందుకంటే ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చినా చెందేది మట్టి కింద ఉన్నవాడికే. పరాయివాడికి ఉన్న చోటు అది. తద్దినం నాడు భోక్త తిన్నది పితృదేవతలకు చేరుతుందన్న భావం మనకు తెలిసినదే, అక్కడా తినడం ఆకలి తీర్చుకోవడం కాదు, బాధ్యత. తేడా ఏమిటంటే భోక్తను అర్హత చూసి పిలుస్తాం, ఒలింపోస్‌లో ఆ దారిన వచ్చినవాడైనా సరే. గోధుమలు పుచ్చుకుని నోరు విప్పినవాడు ప్రేక్షకుడుగా మిగలడు. పుచ్చుకోకుండా దూరం నుంచి ఫోటో తీసినవాడు మిగులుతాడు.

గ్రీకుల పాత చరిత్ర కూడా ఈ మాటకు బలమిస్తుంది. క్రీస్తుకు పూర్వం గ్రీకు నగరాలు ఒకదాని ఉత్సవాలకు మరొకటి రాయబారులను పంపేవి. ఒలింపియాకు, డెల్ఫీకి, డీలోస్‌కు వాళ్ళు వెళ్ళి తమ నగరం తరఫున బలులు సమర్పించి, ఉత్సవం చూసి, తిరిగి వచ్చేవారు. పరాయి ఊరి పండుగ చూడ్డం అక్కడ ఒక పవిత్ర కర్తవ్యం. ఏథెన్స్ నుంచి డీలోస్‌కు వెళ్ళిన నౌక తిరిగి వచ్చేదాకా నగరంలో మరణశిక్షలు అమలు చేయకూడదు. క్రీ.పూ. 399లో సోక్రటీస్‌కు విషం ఇవ్వడం ఆలస్యమైంది అందుకే. మరోవైపు పైథాగరస్ పేరిట సిసిరో చెప్పిన కథ ఒకటి ఉంది. ఉత్సవానికి కొందరు పోటీపడ్డానికి, కొందరు అమ్ముకోవడానికి వస్తారట, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళే అందరికంటే ఉత్తములట, తాత్త్వికుడు వాళ్ళలాంటివాడట. ఈ కథ చాలామందికి నచ్చుతుంది, నాకు మాత్రం రాయబారుల పద్ధతే గొప్పగా తోస్తుంది. వాళ్ళ చూపు ఊరికే చూసినది కాదు. చేతిలో బలి ఉంది, మెడ మీద తమ నగరం పరువు ఉంది, తిరిగి వెళ్ళి చెప్పాల్సిన బాధ్యత ఉంది. ఏ బరువూ లేని చూపును ఉత్తమమని పొగిడిన కథ, తెలియకుండానే నేటి పర్యాటకుడికి ఒక సాకు ఇచ్చింది.

క్రైస్తవం వచ్చాక మెట్లు ఇంకా స్పష్టమయ్యాయి. తొలి శతాబ్దాల్లో ఆరాధన ఒక దశకు చేరాక బాప్టిజం పొందనివాళ్ళను బయటికి పంపేవారు. తలుపులు కాయమనే హెచ్చరిక ఆర్థడాక్స్ ఆరాధనలో ఇప్పటికీ వినిపిస్తుంది, తలుపు మాత్రం ఎవరూ మూయరు. రొట్టె, ద్రాక్షరసాల ప్రసాదం బాప్టిజం పొందిన ఆర్థడాక్స్ వాళ్ళకే. ఆరాధన ముగిశాక పంచే దీవించిన రొట్టె ముక్క మాత్రం చాలాచోట్ల అతిథి చేతిలోనూ పడుతుంది. అంటే ఆ మతం పరాయివాణ్ణి పూర్తిగా కలుపుకోదు, పూర్తిగా గెంటేయదు. ఇక్కడిదాకా నీది, ఆ పైన కాదు అని గీత గీస్తుంది. గీత ఉన్నచోటే ఆతిథ్యానికి అర్థం ఉంటుంది. అథోస్ పర్వతం మీది మఠాలు ఇంకో దారి పట్టాయి. అక్కడికి అనుమతి పత్రం లేకుండా ఎవరూ పోకూడదు, స్త్రీలకు ప్రవేశమే లేదు. మఠానికి ఆ హద్దులు కుదురుతాయేమో. పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అంగళ్ళూ ఉన్న ఊరికి కుదరవు. అందుకే ఊరి హద్దులు వచ్చినవాడి మర్యాద మీద ఆధారపడి ఉంటాయి.

దుస్తుల మాట ఎత్తకుండా ఈ చర్చ పూర్తి కాదు. ఒలింపోస్‌లో పెద్దవయసు స్త్రీలు ఇప్పటికీ తలగుడ్డ, ముదురు రంగు పైవస్త్రం, మోకాళ్ళ దాకా తోలుబూట్లతో కనిపిస్తారు. అదే దుస్తుల్లో అంగడి ముందు కూర్చుని రుమాళ్ళు, తేనె అమ్ముతారు. ఇది వేషం కాదా అని అడిగేవాళ్ళున్నారు. కొంత అయి ఉండవచ్చు, వ్యాపారం కోసం తొడిగే రోజులూ ఉండవచ్చు. ఐతే గ్రీకు తిరునాళ్ళలో అంగడి ఎప్పుడు లేదు? పైథాగరస్ కథలోనే అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. పొద్దున రుమాలు అమ్మిన చేతులే సాయంత్రం దీపం వెలిగిస్తే దీపం అబద్ధం అయిపోదు. బతుకుతెరువూ భక్తీ ఒకే మనిషిలో ఉండకూడదని కోరేది, బతుకుతెరువు దిగులు లేనివాళ్ళే. చెప్పాలంటే ఆ అంగళ్ళ ఆదాయం వల్లనే కొన్ని కుటుంబాలు పిరేయస్‌కు పోకుండా ఊళ్ళో మిగిలాయి. మనుషులు మిగలని ఊళ్ళో ఏ పండుగా మిగలదు.

ఇంకా గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది, దానికి నేను తల వంచుతాను. కార్పతోస్‌లో ఆస్తి రెండు దారుల్లో దిగేది. తల్లి ఆస్తి పెద్దకూతురికి, తండ్రి ఆస్తి పెద్దకొడుక్కి. పెద్దకూతుర్ని కనకరా అంటారు. పండుగనాడు ఆమె ఛాతీ నిండా బంగారు నాణేల దండలు మెరుస్తుంటాయి, యాత్రికులు ఎగబడి ఫోటోలు తీసుకునేది వాటినే. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త బెర్నార్ వెర్నియే ఈ దీవి కుటుంబాల మీద 1991లో ప్రచురించిన గ్రంథంలో ఆ బంగారం వెనక ఉన్న లెక్క విప్పి చూపాడు. చిన్న కూతుళ్ళకు మిగిలేది ఏమీ లేదు. చాలామంది పెళ్ళి లేక, అక్క ఇంట్లో జీతం లేని పనిమనుషులుగా గడిపేశారు. ప్రేమలు కూడా ఆ ఆస్తి దారినే నడిచాయి. గ్రీసులో 1983 నాటి కుటుంబ చట్టం కట్నాన్ని రద్దు చేసింది, వలసలు పాత పద్ధతిని అంతకుముందే సడలించాయి. ఇది తెలిశాక, అచ్చమైన సంప్రదాయం అంటూ ఆ దండలను మురిపెంగా చూడ్డం సాధ్యం కాదు. పూజ నిజమైనదా కాదా అన్న ప్రశ్న వేరు, న్యాయమైనదా కాదా అన్న ప్రశ్న వేరు. ఒలింపోస్ పండుగ నిజమైనదని నేననుకుంటున్నాను, అందులో న్యాయం కొరవడిన చోట్లు ఉన్నాయనీ అనుకుంటున్నాను. బయటివాడి చూపు నిజంగా కీడు చేసేది ఇక్కడే. పండుగ మారకూడదని, ఆ అమ్మాయి అలాగే ఉండాలని, ఊరు తన కోసం కాలంలో ఆగిపోవాలని అతను కోరుకుంటాడు. ఊరి ఆడపిల్ల రేపు మేళం మధ్య కూర్చుని మంతినాద అందుకుంటే, నేను చూడ్డానికి వచ్చింది ఇది కాదే అని అతనికి వెలితిగా ఉంటుంది. ఆ వెలితిని తీర్చే పూచీ ఊరికి లేదు.

మరి నమ్మకం సంగతేమిటి? ఆగస్టులో తిరిగొచ్చే ప్రవాసుల్లో చాలామంది ఏడాదంతా చర్చి గడప తొక్కకపోవచ్చు. వాళ్ళూ అతిథులే కదా, ఊరివాడికీ యాత్రికుడికీ తేడా ఎక్కడ అని కొందరు అంటారు. తేడా నమ్మకంలో వెతికితే దొరకదు, రుణంలో వెతకాలి. బాల్టిమోర్ నుంచి వచ్చిన మనవడికి అవ్వ సమాధి ఉంది. అతను నమ్మినా నమ్మకపోయినా ఆమె పేరు ప్రార్థనలో చదవాల్సిన రోజున అక్కడ ఉండాల్సినవాడు. ఆర్థడాక్స్ సంప్రదాయం లోపలి భావం కోసం ఎదురుచూస్తూ కూర్చోదు. వంగడం, దీపం పెట్టడం, పటాన్ని ముద్దాడడం ముందు శరీరంతో చేయమంటుంది. పటానికి చేసిన గౌరవం పటంలోని వ్యక్తికి చేరుతుందని క్రీ.శ. 787లో నికయాలో జరిగిన ఏడవ మహాసభ తేల్చింది. చేసేవాడి మనసు ఆ క్షణంలో ఎంత తడిగా ఉందన్నది కొలతబద్ద అయితే, చేరవలసిన వారికి చేరేది అంతంతమాత్రమే అవుతుంది. ఇందులో ఒక ప్రమాదం ఉందని ఒప్పుకుంటాను. శరీరం చాలు అన్నప్పుడు పూజ పొడి అలవాటుగా ఎండిపోవచ్చు. అలా ఎండిపోవడం యాత్రికులు అడుగుపెట్టని ఊళ్ళలోనూ జరుగుతుంది, దానికి పరాయివాడి మీద నేరం మోపడం అన్యాయం.

కెమెరా కూడా ఈ ఊరికి కొత్త కాదు. గ్రీకు తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన కాన్‌స్టాంటిన్ మేనోస్ 1960ల మొదట్లో గ్రీసు పల్లెలు తిరిగి తీసిన ఫోటోలను 1972లో ‘ఎ గ్రీక్ పోర్ట్‌ఫోలియో’ పేరిట పుస్తకంగా తెచ్చాడు. అందులో ఒలింపోస్ వాళ్ళున్నారు, వాళ్ళ దుఃఖమూ ఉంది. ఆ బొమ్మల్లో మనుషులు అతన్ని పట్టించుకోకుండా తమ పనిలో ఉన్నారంటే, అతను వాళ్ళ మధ్య కాలం గడిపినవాడని ఇట్టే తెలుస్తుంది. ఒక పూట బస్సు దిగి శోకం పెడుతున్న ముఖానికి అడుగు దూరంలో ఫోను ఎత్తేవాడికి ఆ హక్కు ఎవరూ ఇవ్వలేదు. చూడవద్దని నేననడం లేదు. చూడ్డానికి తగినంత సేపు ఉండమంటున్నాను.

ఒలింపోస్‌కు వెళ్ళే తెలుగువాళ్ళు, రోడ్స్ దాకా వెళ్ళి అటు వెళ్దామా అనుకునేవాళ్ళు, వీలైతే పండుగకు ముందురోజే చేరి, పడవ వేళ చూసుకోకుండా రాత్రి అక్కడే ఉండండి. గుడిలో వెనక నిలబడండి. శ్మశానంలో ఫోను సంచిలో పెట్టేయండి. సమాధి దగ్గర ఎవరైనా కొలీవా పెడితే రెండు చేతులా తీసుకుని, పోయినవారి పేరు అడిగి, ఆ పేరు పలికి, వారికి మంచి జరగాలని ఏ భాషలోనైనా అనండి. మీరు ఆలస్యంగా వచ్చి ఏదైనా చూడలేకపోతే ఆ ఏటికి అది మీకు దక్కలేదనుకోండి. మళ్ళీ ఒకసారి చేసి చూపమని మాత్రం అడగకండి.